పన్ను గుర్తు తెరచాప

ఆ ఆదివారానికి పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే సరస్సు ఒడ్డునున్న తెరచాప పడవల క్లబ్బుకి వెళ్ళాలి. పడవల షెడ్డు పైకెక్కి, కారుతున్న రేకుల మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా తారు పూయాలి. ఎండ ముదరకముందే దిగిపోవాలి.

ఆయన ఆ క్లబ్బు కార్యదర్శి. ఒడ్డు శుభ్రం చేయించడం, కొత్తవాళ్ళకి పడవ తరగతి, నెలాఖరులో పందెం... రాబోయే కార్యక్రమాలన్నీ ఆయన చేతి మీదుగా జరగాల్సినవే. కుర్చీలు ఎక్కడ వేయాలో, టీ ఎప్పుడు మరగాలో ఆయనకి తెలిసినట్టు మరొకరికి తెలియదు. అయితే ఆయన ఇంతవరకూ ఒక్కసారి కూడా పడవ ఎక్కలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు. అందరూ నీళ్ళ మీద ఉన్నప్పుడు ఒడ్డున ఎవరు మిగిలారో చూసేదెవరు?

"ఆదివారం మావారు ఎక్కుతారట వదినా. ఈ వయసులో వద్దంటే వింటేనా?" అంది డాక్టరు భార్య, బేకరీలో బ్రెడ్డు తీసుకుంటూ.

"ఒక్కరేనా?" అంది బేకరీ ఆవిడ.

"ఒక్కరే. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క పూటలో అయిపోతుందట."

పడవల క్లబ్బు కార్యదర్శి ఎక్కేది పడవ కాక మరేమిటి? బేకరీ ఆవిడకి అనుమానమే రాలేదు. కాసేపటికి రస్కుల కోసం వచ్చిన దర్జీతో, డాక్టరు గారు ఒంటరిగా సరస్సు దాటుతున్నారని చెప్పేసింది. క్లబ్బు తెరచాపలు కుట్టేదీ, కొత్తవాళ్ళకి పాఠం చెప్పేదీ ఆ దర్జీయే. పైగా జ్ఞానదంతాన్ని నొప్పి తెలియకుండా పీకిన డాక్టరంటే అతనికి గురి.

"ఆయనకి మాసికల చాప కట్టి పంపిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అని, రస్కులు మర్చిపోయి ఇంటికి పరిగెత్తాడు.

శుక్రవారం తారు డబ్బాతో క్లబ్బుకి వెళ్ళిన డాక్టరుకి గుమ్మంలోనే అధ్యక్షుడు ఎదురయ్యాడు. ఆయన రిటైరైన జడ్జి. ఏం మాట్లాడినా తీర్పు చెప్పినట్టే ఉంటుంది.

"ఆదివారం సంగతి విన్నానయ్యా డాక్టర్. ఎంత ధైర్యం!"

"ధైర్యం ఏముందండీ, జారకుండా చూసుకుంటే చాలు."

"మరి గాలి ఎక్కువైతే?"

"ఇంకా మంచిది. త్వరగా ఆరుతుంది."

జడ్జి పగలబడి నవ్వాడు. చావుకి వెళ్తూ కూడా తడిబట్టల గురించి జోకులేసే మనిషిని ఆయన అంతకుముందు చూడలేదు.

ఇంతలో దర్జీ వచ్చి, చంకలోని మూటని నేల మీద పరిచాడు. కొత్త తెరచాప. మధ్యలో ఎర్ర గుడ్డతో కుట్టిన పన్ను, రెండు వేర్లతో సహా, మనిషంత ఎత్తుంది.

"మీ కోసమే కుట్టానండీ. సరస్సు అవతలికి కూడా కనిపించాలని."

డాక్టరుకి అప్పుడు అర్థమైంది. కాదని చెప్పబోయాడు.

"ఇంకో మాటండీ," అన్నాడు దర్జీ. "ఎవరూ చేరట్లేదని ఈ ఏడు తరగతి ఎత్తేద్దామనుకున్నాం కదా? మీరు వెళ్తున్నారని తెలిసి ఒకటే పిల్లలు! నీళ్ళు చూస్తే ఏడ్చేవాళ్ళు కూడా, 'పళ్ళు పీకే తాతయ్యకే భయం లేదు, మాకేంటి' అంటున్నారు."

డాక్టరు నోరు తెరిచాడు. మాట రాలేదు. తెరిచిన నోటితో మాట్లాడలేకపోవడం అంతవరకూ ఆయన పేషెంట్లకే తెలిసిన బాధ.

ఇంటికొచ్చి భార్య పక్కన కూలబడ్డాడు. "నాకు పడవ నడపడం రాదే."

"తెలుసు. బకెట్లో నీళ్ళు కాస్త ఎక్కువైతేనే స్నానం వాయిదా వేస్తారు. మరెందుకు ఒప్పుకున్నారు?"

"ఒప్పుకోలేదు. కాదనలేదు, అంతే."

పన్ను నొప్పి అందామంటే ప్రాక్టీసు దెబ్బతింటుంది. అందుకని శనివారం కుంటుకుంటూ క్లబ్బుకి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు కుడికాలు, జడ్జి గదిలోంచి వచ్చేటప్పుడు ఎడమకాలు.

"పడవలో కూర్చునేగా వెళ్ళేది!" అని జడ్జి ఆ అభ్యర్థనని కొట్టేశాడు. "మోటారు పడవలో వెనకాలే నేనుంటాను."

ఆదివారం ఒడ్డు నిండిపోయింది. దర్జీ చాప ఎత్తి, తాళ్ళన్నీ బిగించి పడవని తోశాడు. పక్కగాలి మెత్తగా వీస్తోంది. డాక్టరు తెరచాప కొయ్యని రెండు చేతులా కావలించుకుని నిలబడ్డాడు. ఒడ్డు మీదివాళ్ళకి అది గంభీరంగా కనిపించింది. "కాపాడండి!" అని అరిచి చెయ్యి ఊపితే అందరూ చేతులు ఊపారు.

కొంత దూరం పోయాక చప్పట్లు వినిపించడం మానేశాయి. పడవ అడుగున నీళ్ళు గలగలమంటున్నాయి. ఇన్నేళ్ళుగా వీళ్ళంతా ఇక్కడికి ఎందుకొస్తారో డాక్టరుకి కొంచెం తెలిసినట్టనిపించింది. కొయ్యని ఒక చేత్తో పట్టుకుంటే చాలేమో అనుకున్నాడు కూడా.

సరిగ్గా అప్పుడే వెనక మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"డాక్టర్! తాడు విసరవయ్యా!" ఈసారి జడ్జి గొంతులో తీర్పు లేదు. "నాకు ఈత రాదు!"

డాక్టరు పాక్కుంటూ వెనక్కి వెళ్ళి, పడవని ఒడ్డున కట్టే తాడుని విసిరి, ఆ ఊపులో చుక్కాని మీద కూలబడ్డాడు. పడవ గిర్రున తిరిగింది. చాప టపటపమని రెండోవైపుకి నిండింది. ఎర్ర పన్ను ముందు, తాడు వదలని జడ్జి వెనక, ఇద్దరూ బయల్దేరిన చోటికే వచ్చి ఇసకలో ఆగారు.

ఒడ్డంతా ఈలలు. డాక్టరు మైకు అందుకున్నాడు.

"నాకు పడవ నడపడం రాదు. ఎక్కడం ఇదే మొదటిసారి. తీసుకెళ్ళింది గాలి. వెనక్కి తిప్పింది... నేను పడిన తీరు."

జడ్జి కళ్ళు తుడుచుకున్నాడు.

"విన్నారా? వినయం అంటే ఇదీ!"

చప్పట్లు మోగిపోయాయి. చప్పట్లు కొట్టనిది ఒక్క డాక్టరు భార్యే. ఆవిడ మొగుడి చెయ్యి పట్టుకుని తిన్నగా దర్జీ దగ్గరికి తీసుకెళ్ళింది.

"తమ్ముడూ, ఈయన్ని కూడా తరగతిలో చేర్చుకో."

"పాఠం చెప్పడానికా అమ్మా?"

"నేర్చుకోడానికి."

దర్జీ డాక్టరు వైపు చూశాడు. డాక్టరు అవునన్నట్టు తలూపాడు. "ముందు వరసలో కూర్చోండి డాక్టరు గారూ," అన్నాడు మెల్లిగా.

"వద్దులే, వెనక వరస చాలు. ఎవరి కంటా పడకుండా ఉంటుంది."

తరగతి మొదలైన రోజు డాక్టరు వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. పిల్లలంతా కుర్చీలు వెనక్కి తిప్పుకుని కూర్చున్నారు.