కొమురమ్మ బలం లడ్డూలు

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు, ఎండాకాలం. ఆ పొద్దు సైదయ్య అనుకున్నది ఒక్కటే: సూర్యాపేటలో తాను నడిపే మోటరు బస్సు ఎక్కిన జనం కోదాడలో దిగేదాకా ఎవరి ఒళ్లూ కుదుపుకు అదరకూడదు. ఎందుకంటే ఎన్నడూ లేంది, మోటరు యజమాని అచ్చయ్య సేటు ఆ రోజు వచ్చి డ్రైవరు పక్క సీట్లో కూచున్నాడు.

"నువ్వు తాగి నడుపుతున్నవని అర్జీ వచ్చిందిరా. ఇయ్యాల నా కండ్లతోని సూస్త. నిజమైతే రేపటిసంది వేరేటోడు నడుపుతడు" అని ముందే చెప్పేశాడు సేటు.

సైదయ్య తాగడమా! జాన్‌పహాడ్ దర్గాలో ఒట్టేసుకున్న నాటినుంచి పన్నెండేండ్లుగా కల్లు వాసన వచ్చే దిక్కుకు మొహం కూడా తిప్పని మనిషి. ఆ అర్జీ పెట్టినవాడెవడో తెలియదు గనుక, ఊరూ పేరూ లేకుండానే వాడి ఏడు తరాలనూ తలుచుకుని, హ్యాండిలు తిప్పి మోటరు లేపాడు.

వెనక సీట్లో కొమురమ్మ ఒళ్లో డబ్బా పెట్టుకుని కూచుంది. కోదాడలో ఉన్న అల్లుడు చలిజ్వరం పడి లేచి ఎండు పుల్లలా అయ్యాడు. సూర్యాపేట హకీం ఏవో గింజలిచ్చి, ఇవి తింటే మనిషి కోలుకుంటాడన్నాడు. ఆమె వాటిని వేయించి, దంచి, నువ్వులూ బెల్లమూ కలిపి డబ్బా నిండా లడ్డూలు కట్టింది. మునగాల దగ్గర ఇంజనుకు నీళ్లు పోయడానికి మోటరు ఆగితే ఆమెకు చేతులు ఊరుకోలేదు.

"తినుండ్రి బిడ్డా. బలం లడ్డూలు. పొద్దుగాల ఏం తిన్నరో ఏమో!"

సైదయ్య రెండు తిన్నాడు. సేటు వద్దు వద్దంటూనే నాలుగు లాగించాడు. తక్కినవాళ్లలో అడిగినవాళ్లకు తలా ఒకటి అందింది. మోటరు మళ్లీ కదిలి రెండు మైళ్లు పోయాక, మిషన్ బడి పంతులు సత్యానందం ఇంకోదానికి చెయ్యి చాచాడు. డబ్బా అడుగున హకీం గింజల పేరు రాసిచ్చిన పొట్లం కాయితం పరిచి ఉంది. చదువుకున్నవాడికి కాయితం కనబడితే కళ్లు ఆగుతాయా? బయటకు లాగి చూశాడు.

"పెద్దమ్మా, గిండ్ల ఏమేసినవ్?"

"హకీం సాబ్ ఇచ్చిన గింజలు సారూ. ఎందుకు?"

"ముందరి మాట నూనెల కలిసిపోయింది గని, ఎనకమాట సాఫ్ కనబడుతున్నది. భంగ్!"

"అంటే?"

"గంజాయి పెద్దమ్మా, గంజాయి!"

ఆ మాట చెవిన పడగానే సైదయ్య చెవులు గుయ్యిమన్నాయి. ఎదురుగా ఒక్కటే ఉన్న రోడ్డు రెండయింది. ఏ రోడ్డు మీద పోవాలో తేలక బ్రేకు తొక్కాడు. మోటరు గెట్టు వారగా ఒరిగి ఆగింది.

"సేటూ, నాకు ఎక్కింది. నా ఒట్టు పాయె!" అని స్టీరింగు మీద తల పెట్టి భోరుమన్నాడు.

"నీకు రెండేరా. నాకు నాలుగు ఎక్కినయ్!" అని సేటు కిలకిలా నవ్వాడు. చేతివేళ్లు లెక్కపెట్టుకుంటే ఆరొచ్చాయి. మళ్లీ నవ్వాడు. వెనక సత్యానందం పంతులు ఆదివారం కీర్తన ఎత్తుకున్నాడు. ఒకాయనకు ఎదుటి సీటు కింద కట్టేసిన మేక తనను చూసి ఇకిలిస్తున్నట్టు కనబడింది. లడ్డూ వాసన మాత్రమే చూసినవాళ్లు కూడా తూలడం మొదలుపెట్టారు.

"వామ్మో, నా అల్లునికి పెడుదును గదా!" అని కొమురమ్మ నెత్తి కొట్టుకుంది.

అంతలో సేటు నవ్వు ఏడుపైంది. సైదయ్య మెడ వాటేసుకున్నాడు.

"సైదన్నా, నిన్ను అనరాని మాట అన్న. అర్జీ లేదు, గిర్జీ లేదు. మా బామ్మర్ది పని లేక ఇంట్ల తిని పంటుండు. వానికి గీ సీటు ఇయ్యమని మా ఇంటామె రోజూ సతాయిస్తున్నది. గందుకే నేనే అర్జీ పుట్టిచ్చిన. నన్ను కొట్టు!"

"పోనీ తియ్ సేటూ, నిన్ను నేనెట్ల కొడుత?" అని సైదయ్య కూడా ఏడ్చాడు. ముప్పై మంది జనం సాక్షిగా ఇద్దరూ ఒకరి కండ్లు ఒకరు తుడుచుకున్నారు.

నిషా ఎక్కిన డ్రైవరు చేత మోటరు నడిపించే ధైర్యం ఎవరికుంటుంది? పక్క చేన్లో దున్నుతున్న ఇద్దరు రైతులను బతిమాలి రెండు జతల ఎడ్లను కట్టారు. మోటరు చరిత్రలో ఎన్నడూ లేనంత మెత్తగా కోదాడకు బయలుదేరింది. స్టీరింగు ముందు సైదయ్య చేతులు కట్టుకుని కూచున్నాడు. సేటు టాపు మీదికెక్కి దారిన పోయేవాళ్లందరికీ సలాములు కొట్టాడు.

కోదాడలో అందరూ ఆ ఊరి ముసలి హకీం దుకాణం మీద పడ్డారు. ఆయన సైదయ్య నాడి చూశాడు, కనురెప్ప ఎత్తి చూశాడు. ఒక లడ్డూ వాసన చూసి నోట్లో వేసుకున్నాడు. నమిలి, ఇంకోటి తీసుకున్నాడు. తర్వాత నూనె కాయితాన్ని ఎండకు ఎత్తిపట్టి చదివాడు.

"తుఖ్మె భంగ్. తుఖ్మ్ అంటే గింజ. అరె భాయ్, నిషా ఆకుల ఉంటది, పువ్వుల ఉంటది. గింజల ఏముంటది? నూనె ఉంటది, బలం ఉంటది, నువ్వుల తీరు. జ్వరం పడి లేసినోనికి మంచి తిండి. ఇంతకీ నిషా ఎవరికి ఎక్కింది?"

కీర్తన రెండో చరణంలో ఆగిపోయింది. సేటు చేతికి వేళ్లు ఐదే మిగిలాయి. సైదయ్యకు మాత్రం గుండెల మీదినుంచి బండరాయి దించినట్టయింది: ఒట్టు చెడలేదు! ఆ సంతోషం వెనకాలే ఇంకో ఆలోచన మెల్లగా వచ్చింది. సేటు వైపు తిరిగాడు.

"సేటూ, ఆ అర్జీ సంగతి..."

"అది... నేను నిషాల ఏదో..."

"ఏ నిషాల, సేటూ?" అని కొమురమ్మ అమాయకంగా అడిగింది.

ముప్పై జతల కళ్లు సేటు మీదికి తిరిగాయి. సేటు టోపీ సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"మోటరు తియ్యి సైదన్నా, వాపసు టైమైతున్నది. గా సీటు నీదే. మా ఇంటామెకు నేను చెప్పుకుంట."

వారం తిరిగేసరికి కోదాడ హకీం దగ్గర గంజాయి గింజలు ఖతమయ్యాయి. కొన్నవాళ్లలో జ్వరం పడి లేచినవాళ్లు తక్కువ, మొగుడి నోట నిజం వినాలనుకున్న ఆడవాళ్లు ఎక్కువ.