సోమ్‌శ్రీ గారికి ఎనర్జీ లేదట

వాటర్లూలో ఆ ఫిబ్రవరి పొద్దున వేసుకున్న ప్లాను చాలా చిన్నది. స్పందన వెళ్ళి సోమ్‌శ్రీ గారి దగ్గర గది తాళంచెవి తెచ్చుకోవాలి. అంతే. అయినా ఆ పిల్ల తలంటుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, పెళ్ళిచూపులకు కూర్చోబోతున్నట్టు అద్దంలో రెండుసార్లు నవ్వి చూసుకుంది.

చూసుకోదూ మరి! ఆ ఏడు చదువులకని వచ్చిన పిల్లలు ఊరినిండా ఉన్నారు, గదులేమో పాతవే ఉన్నాయి. సెప్టెంబరు నుంచీ స్పందన పడక మేనత్త ఝాన్సీలక్ష్మి ఇంటి హాల్లో సోఫా మీదే. పగలు అదే హాల్లో మావయ్య రంగనాథ్ ఆఫీసు మీటింగులు పెట్టుకుంటాడు కాబట్టి, పిల్ల ఆన్‌లైను క్లాసులు బట్టల అలమరలో చీరల మధ్య కూర్చుని వింటుంది. ఒకసారి ప్రొఫెసరు "మీ కర్టెన్లు చాలా బాగున్నాయి" అన్నాడట. ఎంతోమంది అడిగిన తన ఇంటి గదిని ఎలాగో ఈ పిల్లకు ఇస్తానన్నారు సోమ్‌శ్రీ గారు. ఇది చేజారితే మళ్ళీ అలమరే గతి.

బూట్లు వేసుకోబోతుంటే ఫోన్లో ఆవిడ దగ్గర్నుంచే మెసేజ్ వచ్చింది. "నో ఎనర్జీ. డోంట్ కమ్ టుడే."

స్పందన అక్కడే గడప మీద కూలబడింది. "అయిపోయింది మావయ్యా! మొన్న గది చూడ్డానికి వెళ్ళినప్పుడు బిగుసుకుపోయి నిలబడ్డా. నా ఎనర్జీ నచ్చలేదు ఆవిడకి."

"మనిషి ఎనర్జీ నచ్చకపోవడమేమిటే?"

"ఇక్కడంతా అలాగే అంటారు. ఫలానావాళ్ళ ఎనర్జీ బాగుంది, ఫలానావాళ్ళది బాలేదు అని."

"నీ మొహం. ఎనర్జీ అంటే కరెంటు!" అన్నాడు రంగనాథ్. "ఇంట్లో కరెంటు పోయుంటుంది. ఈ చలికి పైపులు గడ్డకట్టి పగులుతాయి. పాపం, ఒంటరి మనిషి!"

వంటింట్లో మిరియాల చారు కాస్తున్న విశాలాక్షమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది. ఆవిడ స్పందనకు నానమ్మ, రంగనాథ్‌కు అత్తగారు. "ఎనర్జీ అంటే ఓపిక కాదుటే? మొన్న డాక్టరమ్మ నన్నూ అడిగింది, ఎనర్జీ ఎలా ఉంది అని. ఆవిడకి ఒంట్లో ఓపిక లేదు, అంతే."

"అత్తయ్యగారూ, మీరు ఊరుకోండి" అన్నాడు అల్లుడు, చాలా మర్యాదగా.

"ఊరుకుంటా గానీ, సోమశ్రీ అంటే మనవాళ్ళేనా?"

"థాయ్‌లాండ్ ఆవిడ నానమ్మా."

"అయితేనేం, పేరు మనదేగా" అని చారంతా ఫ్లాస్కులో పోసింది విశాలాక్షమ్మ.

రావద్దన్న ఇంటికి ముగ్గురూ బయల్దేరారు. రంగనాథ్ చేతిలో టార్చిలైటూ, పనిముట్ల పెట్టె, భుజాన రెండు దుప్పట్లు. తలుపు తీసిన సోమ్‌శ్రీ గారు శాలువా కప్పుకుని, ఎర్రబడ్డ ముక్కుతో తూలుతూ నిలబడ్డారు.

"డోంట్ వర్రీ మేడమ్!" అని రంగనాథ్ ఆవిడను దాటుకుని బేస్‌మెంటు మెట్ల దగ్గర స్విచ్చి నొక్కాడు. వెలగలేదు. ఆ బల్బు కాలిపోయి చాలా కాలమైందని ఆయనకేం తెలుసు? "చూశారా? నే చెప్పలా?" అంటూ టార్చి వేసుకుని కిందికి దిగిపోయాడు.

హాల్లో మాత్రం టీవీ నిక్షేపంగా ఆడుతోంది. అది చూసి స్పందనకు అర్థమైపోయింది. అంటే పోయింది కరెంటు కాదు, తన గదే.

సోమ్‌శ్రీ గారికి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఎవరొచ్చినా టేబుల్ మీది ట్యాబ్‌లో మాట్లాడితే అది అవతలివాళ్ళ భాషలోకి మార్చి చెబుతుంది. స్పందన అందులో తెలుగు పెట్టింది. విశాలాక్షమ్మ దాని మీదికి వంగి, చెవిటివాళ్ళకు చెప్పినట్టు గట్టిగా అంది. "అమ్మా సోమశ్రీ! నీకు ఓపిక లేదని తెలిసే వచ్చాను!"

ట్యాబ్ ఆ మాటను థాయ్‌లో చెప్పింది. సోమ్‌శ్రీ గారు చివ్వున తలెత్తి గబగబా ఏదో అన్నారు. ట్యాబ్ పుస్తకంలా చదివింది. "నాకు సహనం లేదా? అద్దెకున్నవారు నా వంటగది కాల్చారు. నేను చిరునవ్వు నవ్వాను. నాకా సహనం లేదు?"

"అయ్యో, వంటగది కాలిందా! అలా కోప్పడకమ్మా, అసలే ఓపిక లేనిదానివి."

"నానమ్మా, ఆ మాట అనకు! ఇది దాన్ని ఇంకోలా చెబుతోంది!"

"ఏ మాటే? ఓపికా?"

ట్యాబ్ అదీ చెప్పింది. సోమ్‌శ్రీ గారు లేచి నిలబడి, తలుపు వైపు వేలు చూపించి ఒక్క ముక్క అన్నారు. ట్యాబ్ మొదలుపెట్టింది. "ఈ గది మీకు..."

కింద ఠప్పుమంది. టీవీ ఆరిపోయింది. ఫ్రిజ్ రొద ఆగింది. వైఫై కూడా పోయి, ట్యాబ్‌లో చిన్న చక్రం గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది.

"కంగారు పడకండి!" నేల కింద నుంచి రంగనాథ్ గొంతు. "ఫాల్టు దొరికింది!"

ఇక మాట్లాడించే యంత్రం లేదు. విశాలాక్షమ్మ సోమ్‌శ్రీ గారి నుదుటి మీద చెయ్యేసి చూసింది. "ఒళ్ళు కాలిపోతోంది కదే తల్లీ!" అని భుజం పట్టి కూర్చోబెట్టి, ఫ్లాస్కు మూతలో చారు పోసి చేతికిచ్చింది. ఒక గుక్క. చింతపండు పులుపుకు కళ్ళు పెద్దవయ్యాయి, మిరియాల ఘాటుకు ముక్కు వదిలింది. రెండో మూత ఆవిడే అడిగి పోయించుకుంది. మూడోది తాగేసరికి నడుం నిటారుగా నిలబడింది. విశాలాక్షమ్మ జబ్బ తట్టి నవ్వారు సోమ్‌శ్రీ గారు.

"ఖున్ యాయ్! ఫలాంగ్ యో!"

"ఫర్లాంగా? ఆఁ, ఆ మాత్రం దూరమే ఉంటుంది మా ఇల్లు."

"ఫలాంగ్!"

"ఫర్లాంగేనమ్మా! రోజూ వస్తాలే."

ఆ తర్వాత సోమ్‌శ్రీ గారే టార్చి వెలుగు చూసుకుంటూ కిందికి వెళ్ళారు. థాయ్ అక్షరాలు రాసున్న స్విచ్చిల బోర్డు ముందు, ఏది నొక్కాలో తెలియక, రంగనాథ్ తను తెచ్చిన దుప్పటి తనే కప్పుకుని కూర్చున్నాడు. ఆవిడ మెయిన్ స్విచ్చి పైకి తోశారు. ఇల్లంతా వెలిగింది. పైన ట్యాబ్‌కూ ప్రాణం వచ్చి, మిగిలిన ముక్క పూర్తిచేసింది.

"...ఇవ్వను."

స్పందన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెట్లెక్కి వచ్చిన సోమ్‌శ్రీ గారు గబుక్కున ట్యాబ్ నోటి మీద అరచెయ్యి పెట్టి, నాలుక కరుచుకుని, కొత్తగా మళ్ళీ చెప్పారు. "జ్వరం. నాకు శక్తి లేదు, అందుకే రావద్దన్నాను. అమ్మమ్మకు ఫలాంగ్, అనగా శక్తి, చాలా ఎక్కువ. ఇలాంటి ఇంటి పిల్ల నాకు కావాలి." శాలువా మడతలోంచి తాళంచెవి తీసి స్పందన చేతిలో పెట్టారు. ఆ పిల్ల అప్పుడు వదిలిన ఊపిరి సెప్టెంబరులో బిగబట్టినది.

"ఎనర్జీనా! నేను ఫర్లాంగనుకున్నానే" అంది విశాలాక్షమ్మ.

మర్నాడు రంగనాథ్ హాల్లో, ఖాళీ అయిన సోఫా మీద కాళ్ళు చాపుకుని ఉండగా స్పందన ఫోన్ నుంచి మెసేజ్ వచ్చింది. సోమ్‌శ్రీ గారు పంపమన్నారట. "ఎనర్జీ కమ్ బ్యాక్. థాంక్యూ."

ఆయన దాన్ని రెండుసార్లు పైకి చదివాడు. "చూశారా అత్తయ్యగారూ? మొదట్నుంచీ నేను కరెంటనే అన్నాను!"

బదులు చెప్పే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది.