ఖాళీ స్థలానికి నూటికి ఎనభై ఆరు

మీ పొలాన్ని ఎవరైనా మూల్యాంకనం చేశారా? చేయలేదా? అయ్యో! అయితే మీకున్నది పొలం కాదు, వట్టి మట్టి.

భూమి విలువ పంటతో తెలుస్తుందని నేనూ చిన్నప్పటి నుంచీ నమ్ముతూ వచ్చాను. ఎంత వెనకబడిన ఆలోచన! భూమి విలువ తెలిసేది దాన్ని చూడటానికి వచ్చే బూట్ల జతలను బట్టి. ఆ లెక్కన మా మూడెకరాల మొక్కజొన్న చేను ఈ చుట్టుపక్కల అన్నిటికంటే గొప్పది.

విషయం ఏమిటంటే, పగలు మిగిలిన కరెంటును దాచిపెట్టి, పొద్దుగూకాక తిరిగి ఇచ్చే బ్యాటరీ స్టోరేజీ ప్రాజెక్టు ఒకటి మా వైపు వస్తోంది. లారీ డబ్బాలంత ఇనప పెట్టెలు వరసగా పెడతారట. వాటికి సబ్‌స్టేషన్ దగ్గరగా ఉన్న స్థలం కావాలి. సబ్‌స్టేషన్ కంచె పక్కనే మా చేను. ఇంకేం కావాలి!

మొదటి రోజు చేతిలో ట్యాబ్ పట్టుకుని ఒకాయన దిగాడు. దేన్ని చూసినా మార్కులు వేస్తాడు కాబట్టి అమ్మ ఆయనకి మార్కుల సారు అని పేరు పెట్టింది. ఆయన గట్టు మీద నిలబడి, 'ప్రస్తుత స్థితి' అనే గడిలో 'ఖాళీ స్థలం' అని కొట్టాడు.

"ఖాళీ ఏంటి సారూ? పంట కోసి నాలుగు రోజులే అయింది" అంది అమ్మ.

"ఫారంలో అదే ఆప్షన్ ఉందమ్మా."

చూశారా, ఎంత నిజాయితీ! లేని ఆప్షన్‌ని ఆయన సొంతంగా పుట్టించలేదు.

ఇక పరీక్షలు మొదలయ్యాయి. వాన పడితే నీళ్లు ఎటు పోతాయో తెలుసుకోవడానికి డ్రోన్ ఎగరేశారు. ఆ ఫొటోలు ఎక్కడికో పంపారు. మూడు వారాలకు జవాబు వచ్చింది. నీళ్లు బావి వైపు పోతాయట! మొదటి రోజు టీ ఇస్తూ అమ్మ చెప్పిందీ అదే. కానీ అమ్మ మాట టీతో పాటు ఊరికే వచ్చింది. ఊరికే వచ్చినదాన్ని నివేదికలో ఎలా రాస్తారు?

తర్వాత నిశ్శబ్దాన్ని కొలిచారు. బ్యాటరీ పెట్టెలకు ఫ్యాన్లు ఉంటాయట, అవి హోరుమంటాయట. కాబట్టి ఇప్పుడు మా ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో ముందే రాసుకోవాలి. వాకిట్లో ఒక యంత్రం పెట్టి, పగలంతా గట్టిగా మాట్లాడొద్దన్నారు. ఆ రోజు అమ్మ నాన్నని ఒక్క మాట కూడా అనలేదు. సాయంత్రం యంత్రం తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లను నాన్న పక్కకు పిలిచి, "ఇంకో వారం ఉంచకూడదా బాబూ?" అని బతిమాలాడు.

చివరికి మార్కులు వచ్చాయి. వాలుకు పదికి పది, సబ్‌స్టేషన్ దూరానికి ఇరవైకి ఇరవై, పర్యావరణానికి పదిహేనుకు పదిహేను. మొత్తం నూటికి ఎనభై ఆరు! డెబ్బై ఐదు దాటితే పాస్. నాన్న ఆ కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాడు. నేను పదో తరగతి పాసైనప్పుడు కూడా ఇంతమందికి చెప్పలేదు.

"ఇది ప్రాథమిక మూల్యాంకనమే. తుది మూల్యాంకనం అయ్యేదాకా దున్నొద్దు, విత్తొద్దు. మట్టి కదిలితే మా రీడింగులన్నీ మారిపోతాయి" అన్నాడు మార్కుల సారు.

నాన్న సంతకం పెట్టాడు. నాగలి కొట్టంలోకి, విత్తనాల బస్తా తలుపు చాటుకి వెళ్లాయి.

అమ్మకి కూడా ఒక మూల్యాంకనం ఉంది. విత్తే ముందు పది గింజలు తడిగుడ్డలో మూటకట్టి, ఎన్ని మొలకెత్తాయో చూస్తుంది. మొదటి పంట కారులో పదికి తొమ్మిది మొలిచాయి. తుది మూల్యాంకనం అయిందా అని నాన్న ఫోన్ చేసి అడిగాడు. "ఇంకా లేదండీ" అన్నారు. రెండో కారుకి ఏడే మొలిచాయి. మళ్లీ "ఇంకా లేదండీ."

"గింజ ముసలిదైపోతోంది. దానికి ఈ సారు సంగతి తెలీదు కదా" అంది అమ్మ, గుడ్డ పిండుతూ.

ఈలోగా చేనంతా నడుము ఎత్తు గడ్డి లేచింది. మీరు దాన్ని కలుపు అంటారు. తప్పు! అది ఎదురుచూపు.

ఆ గడ్డిలోకి ఒక బూడిదరంగు పిట్ట వచ్చింది. నేను రోజూ గట్టు మీద నుంచి చూసేదాన్ని. రెండు రోజులు అటూ ఇటూ నడిచింది. మూడో రోజు ఒక చోట కూర్చుంది. చుక్కలున్న గుడ్లు మూడు పెట్టింది. డ్రోన్ లేదు, ట్యాబ్ లేదు, మా చేత సంతకమూ పెట్టించుకోలేదు.

తుది మూల్యాంకనానికి ఒక మేడమ్ వచ్చింది. గుడ్లు చూసి మురిసిపోయి, ఫొటోలు తీసుకుని వెళ్లింది. పది రోజులకు ఉత్తరం వచ్చింది. పర్యావరణానికి పదిహేనుకు సున్నా. మొత్తం డెబ్బై ఒకటి. నాలుగు మార్కుల తేడాతో ఫెయిల్!

కారణం కూడా మర్యాదగా రాశారు. "స్థలం చాలాకాలంగా సాగులో లేనందున పక్షుల ఆవాసంగా మారినది."

నాన్న ఉత్తరాన్ని రెండుసార్లు చదివి మార్కుల సారుకి ఫోన్ కలిపాడు. అమ్మ ఫోన్ లాక్కుంది.

"సాగు చేయొద్దన్నది ఎవరు సారూ?"

"అది మేమే అమ్మా. కానీ ఇది వేరే డిపార్ట్‌మెంట్."

ఇంత స్పష్టంగా తప్పు ఒప్పుకునే సంస్థలు ఈ రోజుల్లో ఎన్ని ఉన్నాయి చెప్పండి! నేనైతే ప్రతి రైతుకీ జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి మూల్యాంకనం జరగాలని కోరుకుంటాను. పంట పోవడానికి వాన, పురుగు, గాలి అని మూడు కారణాలే తెలిసిన జనం మనం. నాలుగోది కూడా తెలిసి రావద్దూ?

మూడో కారుకి అమ్మ తడిగుడ్డ విప్పింది. పదికి ఐదు.

"పాసే" అంది.

గుంటకి ఒకటి వేసే చోట రెండేసి గింజలు వేశాం. గూడు చుట్టూ పది అడుగులు గుండ్రంగా వదిలేసి దున్నాడు నాన్న. అలా వదలమని ఏ డిపార్ట్‌మెంటూ చెప్పలేదు. పిల్లలు ఎగిరిపోయాక ఆ గుండ్రంలో కూడా గింజలు వేసింది అమ్మ.

నిన్న మార్కుల సారు ఫోన్ చేశాడు. పిట్టలు వెళ్లిపోయాయి కాబట్టి మా స్థలానికి మళ్లీ అర్హత వచ్చిందట! పునర్మూల్యాంకనానికి వస్తారట. అప్పటిదాకా మట్టి కదపొద్దట.

నాన్న చెయ్యి తెలియకుండానే చొక్కా జేబు మీదకి వెళ్లింది. అమ్మ చూసింది.

"రమ్మను. గట్టు మీద నుంచే చూసి పొమ్మను. మొలకలు తొక్కితే మాత్రం ఊరుకునేది లేదు."

ముందుగా నింపి పంపమని ఫారం కూడా వచ్చింది. ఇంట్లో చక్కటి దస్తూరీ నాదే కాబట్టి ఆ పని నాకు పడింది. 'ప్రస్తుత స్థితి' గడిలో ఇప్పటికీ ఒకే ఒక్క ఆప్షన్ ఉంది. దాని పక్కన పెన్నుతో ఒక మాట చేర్చి పంపించాను.

ఖాళీ లేదు.