బ్రెన్నర్ పట్టిన డెల్మర్

ఆ శనివారం పొద్దున డెల్మర్ ఫ్రిట్జ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. గుడ్లూ బేకనూ తినాలి. తోడల్లుడు రాయిస్ ట్రక్కు మెకానిక్ దగ్గరుంది కాబట్టి అతన్ని తన ట్రక్కులో ఎక్కించుకోవాలి. పిస్టల్ క్లబ్బుకు వెళ్లి సీజన్‌లో చివరి పోటీ ఆడాలి. దారి పొడవునా రాయిస్ పిస్టల్‌ను తిట్టాలి.

ఈ చివరి పని ఇరవై ఏళ్లుగా నడుస్తున్నదే. డెల్మర్‌ది హాల్‌స్టెడ్. నిలువెల్లా ఉక్కు, చేతిలో పెట్టుకుంటే ఇటుక రాయంత బరువు. వాళ్ల నాన్నదీ ఆ కంపెనీయే. రాయిస్‌ది బ్రెన్నర్. దాని గొట్టమూ, పైన కదిలే స్లైడూ ఉక్కువే గానీ పిడీ చట్రమూ ప్లాస్టిక్. ఆ ప్లాస్టిక్‌ను డెల్మర్ క్షమించలేకపోయాడు. దానికి షాంపూ సీసా అని పేరు పెట్టాడు. ఎండలో ఉంచితే కారిపోతుందని చర్చి విందులో చెప్పాడు, అల్మారాలో ఉంచితే ఎలకలు కొరుకుతాయని జింకల వేటలో చెప్పాడు. రాయిస్ తండ్రి పోయినప్పుడు శవపేటికకు భుజం పట్టి నడుస్తూ, "నీ దాని పిడి చెమటకు జారుతుందట కదా" అని కూడా అడిగాడు. వాళ్లుండే లోయలో కొత్తగా పిస్టల్ కొనేవాళ్లు ఎవరైనా బ్రెన్నర్ వైపు చూస్తే, డెల్మర్‌కు తెలియకుండా కొనడం ఎలాగని ముందు ఆలోచించేవారు.

బల్ల దగ్గర కూర్చున్న డెల్మర్ జామ్ సీసా మూత తిప్పబోయాడు. మూత కదల్లేదు. కుడిచేతి బొటనవేలి దగ్గర నొప్పి పుట్టి, సీసాను మెల్లిగా పక్కకు నెట్టాడు.

"ఇవాళ జామ్ వద్దులే."

"ఎప్పట్నుంచి వద్దు?" అంది అతని భార్య వెర్నా.

"ఇప్పట్నుంచి." కాఫీ తాగుతూ అన్నాడు, "వెర్నా, ఇవాళ గట్టిగా ఆడకపోతే నా పేరు గోడ మీంచి దిగిపోతుంది."

క్లబ్బు గోడకు చెక్క పలకల వరస ఉంటుంది. ఏడాది చివర్న మొదటి ఇరవై మందిలో ఉన్నవాళ్ల పేర్లే అక్కడ మిగులుతాయి. క్లబ్బు పెట్టిన నాటినుంచి డెల్మర్ పలక దిగలేదు. ఈ ఏడు అంచున వేలాడుతోంది.

"దిగితే దిగనీ. వచ్చే ఏడు మళ్లీ ఎక్కిస్తారు."

"దిగితే నేనింక వెళ్లను. ఇంట్లోనే ఉంటా."

వెర్నా చేతిలోని గరిట ఆగింది. మొన్న ఫిబ్రవరిలో జ్వరం తగిలి డెల్మర్ వారం రోజులు ఇంట్లో ఉన్నాడు. ఆ వారంలో ఆమె గిన్నెలన్నీ వేరే అరల్లోకి మారాయి. బంగాళాదుంపలు ఇలాగే ఎందుకు తరగాలన్న విషయం మీద రోజూ చర్చ జరిగింది. తన మొగుడి పేరు ఆ గోడ మీద ఉండాలని డెల్మర్ కంటే వెర్నా ఎక్కువ కోరుకుంది.

వెర్నా, ఆమె చెల్లెలు ట్వైలా క్లబ్బు వంటగది చూసుకుంటారు. అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి ఒకే దుకాణంలో, తగ్గింపు ధరకు వస్తున్నాయని, తమ మగవాళ్లకు పిస్టల్ బ్యాగులు కొన్నారు. రెండూ ఆకుపచ్చవి, రెండూ ఒకే కొలత. ట్రక్కులో వెనక సీటు కింద అవి పక్కపక్కనే కూర్చుని క్లబ్బుకు వెళ్లాయి. కాల్చడానికి అక్కడ మట్టికట్టలు పోసిన గుంటలు అయిదున్నాయి, ఒక్కో గుంటలో ఒక్కో రౌండు. దిగగానే రాయిస్ చేతికందిన బ్యాగు తీసుకుని దూరంగా ఉన్న ఐదో గుంటకు వెళ్లాడు. రెండోది డెల్మర్ తీసుకుని మొదటి గుంటకు వెళ్లాడు.

ఆ క్లబ్బులో ఒక కట్టుబాటు ఉంది. పేరు పిలిచేదాకా ఎవరూ బ్యాగు విప్పకూడదు. పిలిచాక మట్టికట్ట వైపు తిరిగి నిలబడి, అక్కడే పిస్టల్ తీయాలి. ముందే ఒకసారి తొంగిచూద్దామన్నా వీల్లేదు. దీన్ని తప్పినవాళ్లను బెర్నడెట్ కోస్కో ఇంటికి పంపేస్తుంది. బెర్నడెట్ ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇప్పుడు పోటీ ఆమె చేతిలో ఉంది. ఆమె దృష్టిలో బస్సుకూ పోటీకీ పెద్ద తేడా లేదు.

"డెల్మర్ ఫ్రిట్జ్, రా."

డెల్మర్ కాల్చే గీత దగ్గరికెళ్లి జిప్పు లాగాడు. తన గ్లాసులో వేరెవరివో కట్టుడు పళ్లు కనబడ్డట్టు ఆగిపోయాడు.

"ఏంటి, లోపల పాముందా?" అంది బెర్నడెట్.

"బ్యాగు మారింది. ఇది రాయిస్‌ది. వెళ్లి మార్చుకొస్తా."

"పేరు పిలిచాక గీత దాటితే ఈ రౌండుకి సున్నా. ఆ రూలు నేను పెట్టలేదు."

"నువ్వే పెట్టావు."

"పెట్టినప్పుడు నువ్వే ముందు చెయ్యెత్తావు."

అది నిజమే. ఒక్క సున్నా పడినా పలక దిగుతుందన్నదీ నిజమే. వెనక వరసలో నిలబడ్డవాళ్లు అప్పటికే మెడలు సాచి చూస్తున్నారు. డెల్మర్ గొంతు సవరించుకున్నాడు.

"సరే, అందరూ చూడండి. ఇరవై ఏళ్లుగా నోటితో చెప్తే వినలేదు. ఈ షాంపూ సీసా ఎంత దరిద్రంగా పేలుతుందో ఇవాళ చేసి చూపిస్తా."

పళ్లు బిగించి, తూటా ఎక్కించడానికి స్లైడు వెనక్కి లాగాడు. సంవత్సరం నుంచి ఈ ఒక్క పని దగ్గరే అతని ప్రాణం పోతోంది. హాల్‌స్టెడ్ స్లైడు లాగితే బొటనవేలి మొదట్లో మేకు దిగినట్టుంటుంది. ఇది అగ్గిపెట్టె అర లాగినంత తేలిగ్గా వచ్చేసింది. బిగించిన పళ్లు అలాగే ఉండిపోయాయి, నొప్పి మాత్రం రాలేదు. గంట మోగింది. ఎదురుగా ఉన్న అయిదు ఇనుప పళ్లేలు వరసగా టంగుటంగుమని పడిపోయాయి.

వెనకవాళ్లు పడ్డ పళ్లేలను లెక్కపెట్టారు.

"ఎండ నా వెనకనుంచి ఉంది," అన్నాడు డెల్మర్.

పొద్దుట్నుంచీ మబ్బు పట్టి ఉంది.

అతను బ్యాగు సర్దుకుని ఐదో గుంట వైపు అడుగేశాడు.

"ఎక్కడికి?" అంది బెర్నడెట్. "మొదలుపెట్టిన పిస్టల్‌తోనే పోటీ ముగించాలి. విరిగితే తప్ప మార్చడానికి లేదు. విరిగిందా?"

డెల్మర్ బ్యాగు వైపు ఆశగా చూశాడు. "ఇంకా లేదు."

"అయితే పద."

రెండో గుంటకు చేరేసరికి అతని వెనక సగం క్లబ్బు ఉంది. అక్కడ డెల్మర్‌కు పెద్ద చిక్కొచ్చింది. బ్రెన్నర్ పనికిరాదని నిరూపించాలంటే పళ్లేలు తప్పాలి. పళ్లేలు తప్పితే పలక దిగుతుంది. కాబట్టి పళ్లేలు కొడుతూనే పిస్టల్‌ను అసహ్యించుకోవాలని నిర్ణయించుకున్నాడు. మొదట పిడిని అసహ్యించుకోబోయాడు. అది చేతిలో తలుపు గడియలా సరిగ్గా కూర్చుంది, చెమటకు జారలేదు. పోనీ గురిచూసే ముల్లును అసహ్యించుకుందామనుకున్నాడు. అది కంటి ముందుకు తనంతట తానే వచ్చి నిలిచింది. ట్రిగర్ మీద పెట్టుకున్న చివరి ఆశ కూడా పళ్లేలతోపాటే పడిపోయింది. మూడో గుంటలో గాలి అనుకూలంగా ఉందన్నాడు. నాలుగో గుంటలో ఏ సాకూ చెప్పలేదు. మొహం మీదికి వస్తున్న నవ్వును అతను ఆపుకుంటున్నాడు గానీ, అది ఎడమవైపు నుంచి కొంచెం బయటపడుతోంది.

ఇదంతా చూసిన ఎమ్మెట్ అనే ముసలాయన నేరుగా వంటగది కిటికీ దగ్గరికొచ్చాడు. క్లబ్బులో అందరికంటే పెద్దవాడు. పేలుళ్లకంటే ఆపిల్ పై అనే తీపి రొట్టె కోసమే ఎక్కువగా వస్తాడు.

"వెర్నా, మీ ఆయన బ్రెన్నర్ పేలుస్తున్నాడు."

"కళ్లద్దాలు తుడుచుకో ఎమ్మెట్."

"తుడుచుకునే చూశా. ఒక్క రౌండు కాదు, వరసపెట్టి. తిట్టడం కూడా మానేశాడు."

చిల్లీ అనే మాంసం కూర కలుపుతున్న వెర్నా చేయి ఆగింది. "తిట్టడం లేదా?"

"ఒక్క మాట లేదు. పైగా నవ్వుతున్నాడు."

"డెల్మరా?"

"ఒకవైపే," అన్నాడు ఎమ్మెట్. ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి. "మూతి ఎడమ పక్కకే లేస్తోంది. రెండోపక్క కదలడం లేదు."

ట్వైలా చేతిలోని బన్ను రొట్టె పక్కన పెట్టింది. "అక్కా, మా వీధిలో హెర్షెల్‌కి పక్షవాతం వచ్చిన రోజు గుర్తుందా? పుట్టి బుద్ధెరిగి బీట్‌రూట్ ముట్టనివాడు, ఆ పొద్దున అడిగి అడిగి రెండు గిన్నెలు తిన్నాడు."

"కుడిచెయ్యి పనిచెయ్యడం లేదు," అంది వెర్నా నెమ్మదిగా. "పొద్దున జామ్ మూత తిప్పలేకపోయాడు. జామ్ వద్దన్నాడు."

చెయ్యి, మూతి, బ్రెన్నర్. మూడూ కలిపి చూసుకుంటే ఆమెకు ఇంకేం తోచలేదు. ఫోన్ తీసి అంబులెన్స్‌కు చేసింది. "మా ఆయనకు మెదడులో ఏదో అయింది. మనిషి మనిషిలా లేడు," అని చెప్పింది. అవతలివాళ్లు లక్షణాలడిగారు, మూడోదాన్ని రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత, "వెంటనే వస్తున్నాం," అన్నారు.

ఐదో గుంట దగ్గర బెర్నడెట్ అప్పుడే డెల్మర్ పేరు పిలవబోతోంది. అంబులెన్స్ కూత విని ఆగి, అందరి పిస్టళ్లూ బ్యాగుల్లోకి పంపించింది. వెర్నాతోపాటు, అంబులెన్స్‌లోంచి మందుల సంచీతో దిగిన డానికా అనే అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. డానికా ఆ లోయలోనే పుట్టి పెరిగింది. హైస్కూలు పూర్తయిందని ఇంట్లోవాళ్లు విందు చేసిన రోజున కూడా, బహుమతి చేతిలో పెట్టి, బ్రెన్నర్ ఎప్పటికీ కొనొద్దని డెల్మర్ తనకు చెప్పిన సంగతి ఆమె మరిచిపోలేదు.

"సర్, కూర్చోండి. రెండు చేతులూ పైకెత్తండి."

"ఎందుకు, నన్ను దోచుకుంటున్నావా?"

"నవ్వండి సర్."

డెల్మర్ ప్రయత్నించాడు. డానికా కంగారుగా వెర్నా వైపు చూసింది.

"పర్లేదు, నవ్వమని అడిగితే అతని మొహం ఎప్పుడూ అంతే," అంది వెర్నా. ఆమె కళ్లు అప్పటికే తడిగా ఉన్నాయి.

"ఇవాళ ఏ వారం?"

"శనివారం. నా చివరి రౌండు మిగిలుంది. నన్నొదులు."

"మీరు పేలుస్తున్న పిస్టల్ ఏది సర్?"

"బ్రెన్నర్."

"అదెలా ఉంది?"

చుట్టూ ఉన్నవాళ్లు దగ్గరికి జరిగారు. డెల్మర్ అందరి వైపూ చూశాడు. నేలవైపు చూశాడు.

"బాగుంది," అన్నాడు.

డానికా వెనక్కి తిరిగి మెల్లిగా, "స్ట్రెచర్ తీసుకురండి," అంది.

"స్ట్రెచరెందుకు? నాకేం కాలేదు."

"ఇలాంటప్పుడు అందరూ అలాగే అంటారు సర్. దారిలో మాట్లాడుకుందాం."

"బెర్నడెట్, వీళ్లకి చెప్పు."

"నేను డాక్టర్ని కాదు," అంది బెర్నడెట్. "నువ్వు బండెక్కితే మాత్రం ఈ రౌండుకి సున్నా."

స్ట్రెచర్ వచ్చి మోకాళ్లకు తగిలింది. బుద్ధి సరిగ్గానే ఉందని ఇక్కడ, ఇందరి ముందు, ఇప్పుడే నిరూపించుకోవాలి. అందుకు ఒక్కటే దారి ఉందని డెల్మర్‌కు అర్థమైంది. అతను లేచి నిలబడ్డాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నా బొటనవేలు పాడైపోయింది. ఏడాదైంది, ఎవరికీ చెప్పలేదు. హాల్‌స్టెడ్ స్లైడు లాగాలంటే రాత్రి నుంచే భయం. జామ్ మూత రాకపోవడం అందుకే వెర్నా, మెదడువల్ల కాదు. ఇవాళ బ్యాగు మారింది. ఈ బ్రెన్నర్ చేతికొచ్చింది. తిట్టడానికే పట్టుకున్నా. లాగితే నొప్పి లేదు. పేలిస్తే చేతిలో ఎగరలేదు, మంచి గుర్రంలా చెప్పిన చోట నిలబడింది. ప్లాస్టిక్ ఎందుకు పెట్టారా అని ఇన్నేళ్లు నవ్వాను. నొప్పి చేతుల్లో బరువు ఉండకూడదని పెట్టారు. దీన్ని చేసినవాడెవడో నాకు తెలీదు గానీ, ముసలి చేతుల సంగతి తెలిసినవాడు. నాలుగు రౌండ్లు కొట్టాను, ఒక్క పళ్లెం తప్పలేదు. దీనికి వంక పెడదామని నాలుగు గుంటలూ వెతికాను. దొరకలేదు. చాలా మంచి పిస్టల్. ఇన్నేళ్లు నేనే తప్పు."

ఎమ్మెట్ తినబోతున్న ఆపిల్ పై ముక్కను చేతిలో అలాగే పట్టుకున్నాడు.

"మాట తడబడలేదు," అంది డానికా. "ఒకదాని తర్వాత ఒకటి చక్కగా చెప్పారు. పక్షవాతం కాదు." సంచీ మూసుకుంటూ, "సర్, బొటనవేలు ఒకసారి డాక్టర్‌కి చూపించండి," అంది.

"ఏడాదినుంచి నాతో ఎందుకు చెప్పలేదు?" అంది వెర్నా.

"చెప్తే క్లబ్బు మానెయ్యమంటావని."

"నేనా?" అంది వెర్నా. జీవితంలో ఆమెనెవరూ అంత అన్యాయంగా అనుమానించలేదు.

బెర్నడెట్ గడియారం చూసుకుంది. "డెల్మర్ ఫ్రిట్జ్, రా."

అతను వెళ్లాడు. ఈసారి పళ్లు బిగించలేదు. నవ్వును రెండువైపులా వదిలేశాడు. అయిదు పళ్లేలూ ఒక్క శ్వాసలో పడ్డాయి, వెనక నిలబడ్డవాళ్లలో హాల్‌స్టెడ్ వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం లెక్కలు తేలేసరికి అతని పలక గోడమీదే ఉంది. పైగా రెండు స్థానాలు పైకి జరిగింది. వెర్నా దాన్ని రెండుసార్లు వెళ్లి చూసి, మేకు గట్టిగా ఉందో లేదో కదిపి చూసుకుంది.

రోజంతా హాల్‌స్టెడ్ మోసి భుజం పట్టేసిన రాయిస్, కొన్ని పళ్లేలు వదిలేసినా ఎలాగో తన పలక దక్కించుకున్నాడు. నలుగురూ ట్రక్కెక్కారు. అక్కాచెల్లెళ్లు వెనక కూర్చున్నారు. బండి కదిలిందో లేదో డెల్మర్ మొదలుపెట్టాడు.

"అది నాకు అమ్మెయ్."

"అమ్మను," అన్నాడు రాయిస్ భుజం నొక్కుకుంటూ. "కొత్తది కొనుక్కో."

"సోమవారమే కొంటా. అయినా నువ్వేం మనిషివయ్యా. ఇంత మంచి వస్తువు ఇరవై ఏళ్లుగా దగ్గర పెట్టుకుని, నాకొక్క మాట చెప్పావా?"

"చెప్పాను. ప్రతి శనివారం చెప్పాను."

"గట్టిగా చెప్పాలి," అన్నాడు డెల్మర్.

బ్రెన్నర్ ఎందుకు గొప్పదో ఇల్లు చేరేదాకా, దాన్ని ఇరవై ఏళ్లుగా పేలుస్తున్నవాడికి అతను వివరంగా బోధించాడు.