కూర్మయ్య బోటుకు స్టిక్కరు పేరు

అరుణశ్రీకి ఈ లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. వేటకెళ్ళిన శివాజీ ఏదో ఒకరోజు తిరిగి రాడని. భావనపాడులోనే పుట్టి, తొమ్మిదిలో బడి మానేసి, ఆ ఊరివాడినే చేసుకుని, పొద్దున లేస్తే సముద్రం మొహమే చూసే మనిషికి ఆ భయం ఎప్పుడో పోవాలి. పోలేదు సరికదా, కూతురు శ్రావణి పుట్టాక రెండింతలైంది. గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, పొయ్యి మీద అన్నం మాడుతున్నా వదిలేసి వాకిట్లోకొచ్చి ఆకాశం చూసేది.

ఆ ఏడు వేట నిషేధం మొదలైన దగ్గర్నుంచీ మొగుడి చెవి దగ్గర జోరీగలా ఒకటే పాట పాడింది. చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలల నిషేధం రోజుల్లో బోట్లన్నీ ఒడ్డుకెక్కి కొత్త రంగులు వేయించుకుంటాయి. పేర్లు రాసే పెయింటరు సూరయ్యకేమో చేతి వణుకు వచ్చి, కిందటేడు రాసిన అక్షరాలు అలల్లాగే లేచి పడ్డాయి.

"కంప్యూటర్లో పేరు కొడితే మిషనే కోసేస్తాది మావా. తీసి అంటించడమే. స్టిక్కర్ల కొట్టెట్టుకుంటే నువ్వు ఒడ్డునే ఉండొచ్చు."

"సరేలే. నువ్వు కోసిన పేరెట్టుకుని, నానెక్కే మా సిన్నాన్న కూర్మయ్య బోటు ఎల్లి, సేపల్తో తిరిగి రానీ. ఆ మర్నాటినుంచి నాను వల ముట్టను," అన్నాడు శివాజీ. అయ్యే పని కాదని అతని ధీమా.

జూన్ మొదటి వారంలో ఓ ఉదయం అరుణశ్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. వంట చేసి అత్త మరిడమ్మకు అప్పజెప్పాలి, పిల్లను చంకనెత్తుకుని బస్సులో శ్రీకాకుళం వెళ్ళాలి, మిషను కొనుక్కుని దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాలి. తమ్ముడి పాత లాప్‌టాప్ ముందే అడిగి తెచ్చుకుంది. ఫోనులో వీడియోలు కూడా చూసింది కానీ, వాటిలో మాట్లాడేవాళ్ళు ఊపిరి తీసుకోకుండా మాట్లాడటంతో ఆమెకే ఆయాసం వచ్చింది.

శ్రీకాకుళంలో కొట్టు యజమాని తిరుమలరావు మూడు మిషన్లు చూపించాడు. చిన్నది బల్ల మీద పట్టేస్తుంది, కానీ బోటు పేరు కోయాలంటే అక్షరానికో కాగితం కావాలి. నాలుగడుగులది ఇంట్లో పెడితే మనుషులు బయట పడుకోవాలి.

"కొత్తగా మొదలెట్టేటోలకి ఈ రెండడుగులది సాలమ్మా," అన్నాడు.

"బ్లేడు పిల్ల సేతికి అందుతాదేటండి?"

ఆమె ఆ మాట అడగడం అది అయిదోసారి. తిరుమలరావు ఓపికగా మూత తీసి చూపించాడు. "బియ్యపుగింజ మొనంతే బయటికొస్తాది. పైన స్టిక్కరు తెగాలి, కింద కాగితం తెగకూడదు. అంతే దీని పని. ఈ మిషను ఇప్పటిదాకా ఎవులి ఏలూ కొయ్యలేదు."

"మరి సాఫ్ట్‌వేరు?"

"దీంతోపాటు ఊరకే ఒకటి వస్తాది. డబ్బులెట్టి కొనేదీ ఉన్నాది. గాని అది మీరు నేర్సుకునేసరికి ఈ పాప పెళ్ళీడుకి వస్తాది. ఊరకే వచ్చినదాంతో కానిచ్చీయండి."

అరుణశ్రీ చిన్న నోటుబుక్కులో ప్రతి మాటా రాసుకుంటోంది. ముందు పేరు కొట్టాలి. తరవాత కొలత ఇవ్వాలి. చివర్న తిరుమలరావు, "అదే టీషర్టు మీద ఇస్త్రీపెట్టెతో అంటించే రకం అయితే..." అని మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే శ్రావణి బ్లేడుల డబ్బా వైపు నడిచింది. అరుణశ్రీ ఎగిరి పిల్లను అందుకుని వెనక్కి వచ్చేసరికి, "...మిర్రర్ అన్న బొత్తం నొక్కాలి," అంటున్నాడాయన. మాట తోకను పట్టుకుని ఆమె శ్రద్ధగా రాసుకుంది: మిర్రర్ నొక్కాలి. ముఖ్యమైనదేమోనని కింద రెండు గీతలు కూడా గీసింది.

ఇంటికొచ్చి "శ్రీ గంగమ్మ తల్లి" అని కొట్టి, రాసుకున్నట్టే మిర్రర్ నొక్కింది. తెర మీద పేరంతా అద్దంలో చూసినట్టు తిరగబడింది. నోటుబుక్కు తీసి రెండు గీతలూ మళ్ళీ చూసుకుంది. అప్పుడే శ్రావణి బబుల్‌గమ్‌తో వచ్చిన బొమ్మకాగితాన్ని నీళ్ళు తడిపి చేతికి అంటించుకుంటోంది. కాగితం మీద బొమ్మ కింద తిరగేసి ఉన్న పేరు చేతి మీదకు రాగానే తిన్నగా అయింది. "ఓహో, స్టిక్కరన్నాక అంటిస్తే తిరుగుతాది కదా," అని అరుణశ్రీ ఊపిరి పీల్చుకుని, నిశ్చింతగా కోసేసింది.

నిషేధం ఆఖరి రోజు సాయంత్రం కూర్మయ్య ఫైబర్ బోటు దగ్గర జనం మూగారు. కూర్మయ్య శివాజీకి చిన్నాన్న, బోటు యజమాని. చదువు రాదు గానీ ముహూర్తాలు నిమిషాలతో సహా చెప్పగలడు. అరుణశ్రీ స్టిక్కరును, అక్షరాలను కప్పి పట్టి ఉంచే పైకాగితంతో సహా బోటుకు అంటించి గుడ్డతో రుద్దుతోంది.

"బేగి కానీయే అమ్మీ, గడియ దాటిపోతన్నాది!"

"పైకాగితం తీయాలి సినమావా, ఒక్క నిమిషం..."

"కాగితం తరవాత తీద్దువులే!" అని కూర్మయ్య హారతిచ్చి, కొబ్బరికాయ కొట్టేశాడు. ఆ తరవాత ఆమె కాగితం లాగింది. అక్షరాలు మిలమిలా మెరిశాయి. ఒక్కటీ తిన్నగా లేదు.

"ఇదేటి భాషరా? ఒరియాయేటి?" అన్నాడు బోటులో పనిచేసే వెంకీ.

"ఒరియానా! మన బోటు ఒరిస్సాదని పట్టీసుకుంటారేటిరా?" కూర్మయ్య గుండె పట్టుకున్నాడు.

"కాదు బాబూ, తెలుగే. ఎనక్కి తిరిగిపోనాది," అన్నాడు వెంకీ మెడ వంచి చూసి.

"ఎనక్కా? ఎల్లకముందే ఎనక్కా?"

అరుణశ్రీ గోరుతో పేరు పీకబోయింది.

"ముట్టకు!" అని అరిచాడు కూర్మయ్య. "హారతిచ్చిన పేరు పీకితే గంగమ్మ ఊరుకుంటాదేటి? మొదటి వేట ఒడ్డుకొచ్చిందాకా ఎవులూ ముట్టరాదు."

గుంపులో గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు మరిడమ్మ ఎండుచేపల గంప పక్కన పెట్టి ముందుకొచ్చింది.

"ఏటి గుసగుసలు? మా కోడలు తెలిసే కోసినాది. దిష్టికళ్ళోడు మన బోటు పేరు కూడబలుక్కుని సదివేసరికి బోటు కనుసూపు దాటిపోతాది. మీకు తెలివితేటలుంటే మీరూ కోయించుకుందురు!" అని, కోడలి చెవిలో, "ఏడుపాపి తలెత్తే. మిగతాది ఇంటికెల్లాక తిడతాను," అంది.

మర్నాడు తెల్లవారుతూనే బోట్లు వెళ్ళాయి. మధ్యాహ్నానికి ఒక్కొక్కటే తిరిగొచ్చాయి, కూర్మయ్యది తప్ప. అరుణశ్రీ పిల్లను గట్టిగా పట్టుకుని ఇసుకలో నిలబడిపోయింది. తన చేత్తో తనే మొగుడెక్కిన బోటు పేరును వెనక్కి తిప్పి కోసింది. ఆ గంగమ్మ తల్లికి కోపం రాకుండా ఉంటుందా? "నీకు కోపమొస్తే నన్ను కొట్టు తల్లీ, ఆడినొగ్గీ," అని లోపల్లోపలే వెయ్యిసార్లు మొక్కుకుంది.

పొద్దు వాలాక ఒక చుక్క కనబడింది. చుక్క బోటయింది. అంచు దాకా నీళ్ళలో మునిగి, నడవలేక నడవలేక వస్తోంది. దాన్నిండా చందువా, కోనాం చేపలు. శివాజీ ఒడ్డుకు దూకి, "బరువుకి కదల్లేదే!" అన్నాడు. అరుణశ్రీ నవ్వబోయి బావురుమంది.

అరవై ఒక్క రోజులు ఎవరూ ముట్టని సముద్రం. పేరే లేని బోటుకైనా చేపలు పడతాయి. ఆ సంగతి వినేదెవరు? తెల్లారేసరికి వాకిట్లో ఏడుగురు బోటువాళ్ళు.

"ఈపాలి తిన్నగా కోసిస్తాను అన్నా," అంది అరుణశ్రీ సిగ్గుపడుతూ.

"తిన్నగా అయితే సూరయ్య సేతే రాయించుకుందును. నాకు కూర్మయ్యకి కోసినట్టే కొయ్యి," అన్నాడు మొదటివాడు నూకయ్య.

కూర్మయ్యే శివాజీని పిలిచి చెప్పాడు. "ఒరే, వల లాగడానికి ఎవులైనా వస్తారు. నువ్వు పెళ్ళాం పక్కన కూకుని పేర్లంటించు." మాట ఇచ్చినవాడు కాబట్టి శివాజీ వల వదిలి స్టిక్కర్ల కొట్టులో కూర్చున్నాడు.

ఇప్పుడు అరుణశ్రీ గాలి వీచినా ఆకాశం చూడదు. కానీ పన్నెండేళ్ళు సముద్రం మీద తిరిగి ఒంటి మీద గీత పడని శివాజీ, కొట్టులో కూర్చున్న మొదటి వారంలోనే మూడు వేళ్ళు కోసుకున్నాడు. మిషను పాపమేమీ లేదు. స్టిక్కరు చుట్టలోంచి ముక్క కోసే చేతిబ్లేడును అతను చేపలకత్తి పట్టినట్టు పడతాడు. ఆమె సరుకు కోసం శ్రీకాకుళం బస్సెక్కితే, దారిలో కోటబొమ్మాళి వచ్చేలోగా మూడుసార్లు ఫోను చేస్తుంది. రెండోసారి నుంచి అతను ఎత్తడు.

మీరెప్పుడైనా భావనపాడు వెళ్తే, సముద్రానికి పోయే దారిలో ఆ కొట్టు దగ్గర ఒక్క నిమిషం ఆగి, శివాజీ చేతివేళ్ళు లెక్కపెట్టి ఆమెకు ఫోనులో ఓ మాట చెప్పండి. పది ఉంటే చాలు.