మేజోళ్ళ కంపెనీ వారి కుశలప్రశ్న

మా కయాని పట్టణంలో ఉన్ని మేజోళ్ళను ఫోనులో అమ్మే కంపెనీ వెలసినందుకు ప్రజలందరూ సంతోషించవలసిందిగా మనవి. మా చుట్టుపక్కల పల్లెల్లో నడక వచ్చిన పిల్లకల్లా మేజోడు అల్లడం వస్తుంది. నా గంపలోనే ఎవరూ తొడగని జతలు కుప్పగా పడున్నాయి. అలాంటి మాకు మేజోళ్ళు అమ్మడమంటే, మేనమామకు అమ్మ పుట్టింటి సంగతులు చెప్పడమే. అయినా వ్యాపారమన్నాక ధైర్యం ఉండాలి.

నా మనవరాలు ఈరిస్‌కు అందులో ఉద్యోగం. ఊళ్ళో దొరికింది అదొక్కటే. అది పోతే రాజధాని హెల్సింకీకి బస్సెక్కాల్సిందే. పిల్ల మా వంశంలోదే, నిజం తప్ప నోట రాదు. ఫోనెత్తిన వాళ్ళతో "మేజోళ్ళు అమ్ముతున్నాను, కావాలా?" అనేది. "అక్కర్లేదు" అనేవారు. "సరే, ఉంటాను" అనేది. ఉభయులూ తృప్తిగా ఫోను పెట్టేసేవారు. ఒక్క జతా అమ్ముడుపోలేదన్న చిన్న లోపం తప్ప, అంత మర్యాదైన వ్యాపారం నేనెరగను.

ఆ లోపం దిద్దడానికి రాజధాని నుంచి లిండ్‌రూస్ గారు వేంచేశారు. ఫోనులో తొలిమాట ఎలా పలకాలో నేర్పడమే ఆయన వృత్తి. దానికి పట్టా కూడా ఉందట.

"మిత్రులారా," అని ఆయన ఉపన్యసించారు, "మనం అమ్మేది మేజోడు కాదు, ఆప్యాయత. మొదటి మాట 'ఎలా ఉన్నారు?' అని ఉండాలి. జవాబు వినే పని లేదు. వాళ్ళు 'బాగున్నా' అనగానే సరుకు సంగతి ఎత్తుకోండి. శుక్రవారంలోగా అమ్మనివారికి శాశ్వత సెలవు."

పాపం, ఆయన తప్పేం లేదు. ఆయన తిరిగే చోట్ల అది పలకరింపు. మా దగ్గర మాత్రం ఎవరైనా అలా అడిగితే, నిజంగా తెలుసుకోవాలని అడిగారని అర్థం. అందుకే మేం ఒకరినొకరు అడగం.

కంపెనీ అడిగింది. మా ఊరి సిల్వి తన మోకాలి కథను చిన్నప్పుడు మంచులో పడ్డ దగ్గర్నుంచి అందుకుంది. పక్కింటి తైమి తన కథ సగంలో ఫోను బల్లమీద పెట్టి, కాఫీ కాచుకుని వచ్చి, ఆపిన చోటునుంచే మొదలెట్టింది. సరుకు సంగతి ఎత్తడానికి సందు దొరికితేగా.

మా ఎదురింటి ఏవెర్త్‌కు ఈరిస్ ఫోను చేసింది. భార్య లెంపి పోయాక ఆయన నోట వచ్చే మాట కొట్లో "రొట్టె" అనడం ఒక్కటే. కుశలమడిగితే చప్పుడు లేదు.

"మౌనమంటే తిరస్కారం, పెట్టెయ్" అన్నారు వెనక నిలబడ్డ లిండ్‌రూస్ గారు.

"ఆలోచిస్తున్నాడు సార్" అంది ఈరిస్.

చాలాసేపటికి జవాబొచ్చింది. "నన్నెవరూ అడగలేదమ్మాయ్. చూసుకుని చెప్పాలి. రేపు చెయ్యి."

మర్నాటికి చూసుకున్నాడు. "బాగాలేను. పొద్దున్నే కాఫీ రెండు కప్పులు పోస్తున్నా. ఒకటి పారబోస్తున్నా." ఈరిస్ సరుకు సంగతి ఎత్తలేదట. ఫోను మాత్రం పెట్టలేదు.

గురువారం ఆయనే అన్నాడు. "మేజోళ్ళ మాట ఎత్తవేం?"

"నీకెందుకు తాతా, లెంపి మామ్మ అల్లినవి పెట్టెనిండా ఉంటాయిగా. ఎల్లుండి నుంచి నేను చెయ్యను. ఉద్యోగం పోతోంది."

"నా పాదం పెద్దది. పెద్దవి పంపు."

ఆ సాయంత్రం కొట్లో ఆయన "రొట్టె" తర్వాత ఇంకో వాక్యం కూడా పలికాడు: "ఆ పిల్లని తీసేస్తారట." ఊరు అదిరిపోయింది. శుక్రవారం పొద్దెక్కేసరికి పల్లె పల్లెంతా మేజోళ్ళు కొనేసింది, నాతో సహా. ఈరిస్ ఉద్యోగం నిలిచింది. ఇది కేవలం తొలిమాట సాధించిన విజయమని లిండ్‌రూస్ గారు ప్రకటించి, శాలువా కప్పించుకుని వెళ్ళారు.

ఇప్పుడు ప్రతి మంగళవారం కంపెనీ అడుగుతుంది, మేం చెప్పుకుంటాం, ఒక జత కొంటాం. క్రిస్మస్‌కి ఏవెర్త్ రోడ్డు దాటి వచ్చి నా చేతిలో ఒక పొట్లం పెట్టాడు. కంపెనీ మేజోళ్ళు. నేనూ ఒక పొట్లం ఇచ్చాను. అవీ అవే. ఇద్దరం తలూపుకున్నాం. ఎలా ఉన్నావని అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఊరికే అడిగితే ఏమనుకుంటాడు? ఈరిస్‌ని కనుక్కున్నాను. కాస్త నయమేనట, ఇప్పుడు ఒక కప్పే పోస్తున్నాడట.

మీ ఎదురింటాయన ఎలా ఉన్నాడో మీకు తెలియకపోతే చెప్పండి, కంపెనీ నంబరు ఇస్తాను.