మూడు కోణాలు, ఒక్క కరస్పాండెంటు

శనివారం ఉదయం పదిన్నరకు ముమ్మిడివరంలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ ఆవరణలో కరస్పాండెంటు సుబ్రహ్మణ్యేశ్వరరావు తడిశారు. వాన లేదు. పదకొండు లోపు ఆయన మరో రెండుసార్లు తడిశారు.

ఆ రోజు కార్యక్రమం లెక్కల లెక్చరరు శ్యామ్ సుందర్‌ది. చేరేవారు లేక ఎంపీసీ గ్రూపు ఎత్తేస్తానని కరస్పాండెంటు అప్పటికే అన్నారు. గ్రూపు పోతే శ్యామ్ సుందర్ ఉద్యోగం పోతుంది. త్రికోణమితిలో రెట్టింపు కోణం సూత్రం ఎందుకు పనికొస్తుందో తల్లిదండ్రులకు నీళ్లతో చూపిస్తానని ఆయన ఆఖరి ప్రయత్నంగా అనుమతి తీసుకున్నారు. రొయ్యల చెరువు మీది డీజిల్ ఇంజను, పైపు తెప్పించారు. ముందురోజు సాయంత్రం పైపును మూడు కోణాల్లో పెట్టి చూసి, నీళ్లు పడినచోటల్లా సున్నంతో గుర్తు వేశారు. గుర్తులు రెండే వచ్చాయి.

ఈ కాలేజీలో ఏ సభ జరిగినా ముఖ్య అతిథి కుర్చీ ఎక్కడ వేయాలో ముందురోజే సున్నంతో గుర్తు పెడతారు. అటెండరు నాగబాబు ఉదయం వచ్చి, మొదటి గుర్తు మీద పెద్ద కుర్చీ వేసి తువ్వాలు పరిచాడు. పైపు ముందు కరస్పాండెంటు ఫొటో ఉన్న ఫ్లెక్సీ కట్టాడు. దాంతో వెనక పైపు పట్టుకున్న లెక్చరరుకు సభ కనిపించలేదు. ఇంజను మొదలయ్యాక వినిపించనూ లేదు.

ముప్పై డిగ్రీల కోణంలో వదిలిన నీళ్లు ఫ్లెక్సీ మీదుగా వెళ్లి కరస్పాండెంటు ఒళ్లో పడ్డాయి.

"ఏంటయ్యా ఇది నాగబాబూ! పైపు బాగా పైకెత్తమను. నన్ను దాటిపోవాలి."

"ఆయ్."

నాగబాబు వెనక్కి పరుగెత్తాడు. పెద్దవారు తడిశారని నోటితో అనడం మర్యాద కాదని అతని అభిప్రాయం.

"బాగా పైకెత్తమన్నారండి."

"అరవైకా? నేనింకా చెప్పకుండానే పట్టేసేరా!" శ్యామ్ సుందర్ సంతోషంగా పైపును అరవై డిగ్రీలకు ఎత్తారు.

నీళ్లు కాలేజీ మేడ ఎత్తుకు లేచాయి. కరస్పాండెంటు తలెత్తి చూసి, "అదీ, అలాగ!" అన్నారు. నీళ్లు అదే కుర్చీలో దిగాయి.

"కావాలనే చేత్తన్నాడు. గ్రూపు తీసేస్తానన్నానని కక్ష! ఈ నీళ్లాగనీ, ఇక్కడే మైకులో చెప్పేస్తాను. ముందు నా కుర్చీ వెనక్కెయ్యి. ఆ పైపు అంత పైకీ వద్దు, అంత కిందకీ వద్దు, మధ్యలో పెట్టమను."

"ఆయ్. వెనకాల ఇంకో గుర్తుందండి. అదీ మీకే వేసుంటారండి."

కుర్చీ పది అడుగులు వెనక్కి, రెండో గుర్తు మీదికి వెళ్లింది. నాగబాబు ఫ్లెక్సీ వెనక్కి వెళ్లాడు.

"మధ్యస్తంగా పెట్టమన్నారండి."

శ్యామ్ సుందర్ కళ్లు చెమర్చాయి. "నలభై అయిదు! ఇంత లెక్క తెలిసినాయన గ్రూపు తీసేస్తారంటావా నాగబాబూ?"

"నేనేం చెప్పగలనండి."

నలభై అయిదు డిగ్రీల నీళ్లు మునుపటికంటే పది అడుగులు ఎక్కువ వెళ్లాయి.

ఇంజను ఆపి, శ్యామ్ సుందర్ నవ్వుతూ ముందుకు వచ్చారు. కరస్పాండెంటును చూశారు. నవ్వు ఆగింది. కరస్పాండెంటు మైకు అందుకున్నారు. ఈలోగా తల్లిదండ్రుల్లోంచి దుర్గాభవాని అనే ఆవిడ లేచింది.

"మేస్టారండీ, నీళ్లు కిందగా వచ్చినా, మేడంత ఎత్తు లేచినా ఒకే కుర్చీ ఎలా తడిసిందండి?"

శ్యామ్ సుందర్ పక్కనున్న బోర్డు మీద సూత్రం రాశారు. "నీళ్లెంత దూరం పోతాయన్నది రెట్టింపు కోణం సైన్ని బట్టి ఉంటుందండి. ముప్పై రెట్టింపు అరవై. అరవై రెట్టింపు నూట ఇరవై. రెండింటి సైనూ ఒకటే. అందుకని ఒకేచోట పడ్డాయండి. నలభై అయిదు రెట్టింపు తొంభై. దాన్ని మించిన సైన్ లేదండి. అందుకని అన్నిటికంటే దూరం."

"అందుకా అయ్యగారు కుర్చీ వెనక్కేయించుకున్నారు!" దుర్గాభవాని వెనక్కి తిరిగి అందరికీ చెప్పింది. "చూసేరా, పిల్లల చదువు కోసం పెద్దాయన మూడుసార్లు తడిసేరు. మా పెద్దదాన్ని మండపేటలో చదివించేమండి, అక్కడ ఒక్కరూ తడవలేదు. మా చిన్నదాన్ని ఎంపీసీలో రాసుకోండి."

చప్పట్లు మొదలయ్యాయి. కరస్పాండెంటు వాటిని కాసేపు విన్నారు. మైకు ఆయన చేతిలోనే ఉంది.

"ఆయ్," అన్నారు. "చదువంటే దగ్గరుండి చెప్పించాలండి."

గ్రూపు ఎత్తేసే సంగతి ఆయన ప్రస్తావించలేదు.

సోమవారానికి ఎంపీసీ సీట్లు నిండాయి. శ్యామ్ సుందర్‌ను కొనసాగిస్తున్నట్టు ఉత్తర్వు వచ్చింది. తమ గ్రూపుకు కూడా ఇలాంటి కార్యక్రమం పెట్టాలని బైపీసీ తల్లిదండ్రులు కోరారు. తేదీ ఇంకా ఖరారు కాలేదని, ఏ తేదీ అయినా ఆ రోజు కరస్పాండెంటు ఊళ్లో ఉండరని కాలేజీ ఆఫీసు తెలిపింది.